దిగాలుగా ఉన్న మూడో కామా

మా ఊరు బాన్ అక్యూయ్‌లో గడ్డం గీసే పెద్దమనిషి మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు. కబుర్లు చెబుతాడని కాదు. చెబుతూ చెబుతూ, కత్తి సరిగ్గా నా కంఠం మీదికి వచ్చాక మాట ఆపేస్తాడు. "మీకో సంగతి సెప్పాల మాస్టారూ" అని, కత్తి అక్కడే ఉంచి, కిటికీలోంచి పోయే చెరుకుబళ్లు చూస్తూ నిలబడతాడు. ఆ సంగతేమిటో తేలేదాకా నేను గుటక మింగను. చివరికి వాళ్ల మేక ఈనిందని తేలుతుంది. మేక ఈనడం శుభవార్తే. అయితే అది నా గొంతు మీద ఈననక్కర్లేదని నా అభిప్రాయం.

మొన్న ఆదివారం కూడా అలాగే ఆగాడు. ఈసారి మేక కాదు.

"విర్గుల్ మామ పోయేడంట" అన్నాడు.

నేను గుటక మింగాను. కొంచెం తెగింది.

విర్గుల్ అంటే ఈ దీవిలో కామా. తోటల దొరలు ఫ్రెంచివాళ్లు కాబట్టి ఆ మాట వాళ్లది. మనవాళ్ల నోళ్లలో ఇక్కడి వాడుక భాష క్రియోల్‌తోపాటు అదీ స్థిరపడింది. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది, మంచి పేరే. కాని ఊరంతా మరిచిపోయిన పేరుని నేనొక్కణ్ణీ గుర్తుచేసి సాధించేదేమీ లేదు. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ఉత్త 'మామ' అనేవారు. విర్గుల్‌ని ఆయన వెళ్లాక తగిలించేవారు. నేనూ అంతే.

ఆయన పని ఇంగ్లీషులో అర్జీలు రాయడం. ఈ దీవిలో మనవాళ్లు తిట్లు తినేది ఫ్రెంచిలో, బేరాలాడేది క్రియోల్‌లో, ఏడ్చేది తెలుగులో. సర్కారు మాత్రం ఇంగ్లీషు వాళ్లది. కాబట్టి ఎవడి ఏడుపైనా సర్కారు దాకా వెళ్లాలంటే మామ ఇంటి అరుగు మీదుగా వెళ్లాలి. నేను గోదావరి ఒడ్డున కాలేజీలో ఎఫ్.ఏ. దాకా చదివి, ఇక్కడి పిల్లలకి నాలుగు తెలుగు ముక్కలు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పడానికి ఓడెక్కి వచ్చినవాణ్ణి. మామ తాత కోరంగి రేవులో ఓడెక్కి చెరుకు నరకడానికి వచ్చినవాడు. వచ్చిన పని మా ఇద్దరిలో ఎవరు బాగా చేశారంటే ఆయన తాతే అని చెప్పాలి.

మామ సన్నగా, పొడుగ్గా, చివర కొంచెం ముందుకి వంగి ఉండేవాడు. ఆయన ఆకారానికీ, ఆయన్ని భయపెట్టే కామాకీ ఉన్న పోలిక గురించి ఊళ్లో చాలా చమత్కారాలు నడిచేవి. వాటిలో సగం నావి.

ఆయన అర్జీ రాసే పద్ధతి ఒకటుంది. ముందు అరుగు మీద కూచోబెట్టి మొత్తం కథ వినేవాడు. తరవాత లోపలికి వెళ్లి ఒక టీపెట్టె ముందు కూచుని, ఒక్క కామా కూడా లేకుండా అర్జీ మొత్తం రాసేసేవాడు. ఆ అక్షరాలు చూడాలి. వరసగా వెళ్లే పెళ్లివారి బళ్లలా ఉండేవి. అది ఆరబెట్టేవాడు. అప్పుడు నూతి దగ్గరికి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, వేరే కలం తీసేవాడు. కామాలకి వేరే కలం, వేరే సిరాబుడ్డి. అర్జీ పెట్టుకున్నవాణ్ణి వాకిలి దాటి నిలబడమనేవాడు. భార్యని గిన్నెలు చప్పుడు చెయ్యొద్దనేవాడు. ఇంట్లో కూచునే గొడుగు విప్పి కాగితం మీద పట్టేవాడు, కప్పులోంచి ఏ నలుసో రాలి కామాల్లో కలిసిపోకుండా.

అప్పుడు మొదలయ్యేది. కలం గాల్లో ఉండేది, దించేవాడు కాదు. నుదుటి మీద చెమట పట్టేది. ఒక్కొక్క కామాకి ఒక గుటక. పెట్టాక, దాన్నే చూస్తూ కూచునేవాడు, అది లేచి వెళ్లి పక్క మాట దగ్గర కూచుంటుందేమో అన్నట్టు.

అన్నీ అయ్యాక కాగితం మీద మెల్లిగా ఊదేవాడు. ఇది సిరా ఆరడానికి కాదు. "మనూర్లో సీమలెక్కువ మాస్టారూ" అని నాకు బోధపరిచాడు. "ఊదితే కదిలింది సీమ. కదలనిది మనది." ఊదాక లెక్కపెట్టుకుని, రేకుపెట్టెలో పెట్టి మూత బిగించి ఇచ్చేవాడు. ఈగలు కూడా కామాలు పెట్టగలవనీ, అవి ఏ వ్యాకరణమూ పాటించవనీ ఆయనకి తెలుసు. రేకుపెట్టె తిరిగి తెచ్చి ఇవ్వాలి. అదే ఆయన వసూలు చేసుకునేవాటిలో ఖచ్చితమైనది.

ఇంత భయం ఎలా పట్టుకుందో నేను వచ్చిన మొదటి వారంలోనే నాకు చెప్పాడు. ఎవరైనా ఇంగ్లీషు చదివినవాడు ఊళ్లోకి వస్తే ముందు మామ దర్శనం అయ్యేది; చేతిలో గుడ్డలో చుట్టిన ఒక పాత ఉత్తరం ఉండేది. పడుచుతనంలో ఆయన ఒక చెరుకుతోట ఆఫీసులో రాతపని చేశాడు. ఒకరోజు ఉత్తరం సాపు రాసి దొరగారి బల్ల మీద పెట్టాడు. దొరగారు చదివి, ఎర్రసిరాతో కాగితం మొత్తం చుట్టూ ఒక సున్నా చుట్టి, "విర్గుల్" అన్నాడు. అంతే. మర్నాటి నించి రావద్దని కబురు.

"ఏ విర్గులో సెప్పనేదు మాస్టారూ" అన్నాడు మామ. "ఫలానాది తప్పురా అంటే దానొక్కదానికే బయపడుదును. సెప్పనేదు. అందికని అన్నిటికీ బయపడతన్నాను."

ఉత్తరం చూశాను. పదకొండు కామాలున్నాయి. నా ఎఫ్.ఏ. చదువుకి తెలిసినంతలో పదకొండూ సలక్షణంగా ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

ఆయన ఉత్తరం మళ్లీ గుడ్డలో చుట్టుకుంటూ నన్ను జాలిగా చూశాడు. "మీకూ తెల్దన్నమాట" అన్నాడు.

నిజం చెప్పాలంటే కామాల సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. నేను వాటిని కాలేజీలో నేర్చుకుని పరీక్షలో వదిలేసి వచ్చాను. ఆయన ప్రతిదాన్నీ మనిషిగా ఎరుగును. 'అయ్యా' అని దొరని పిలిచాక పెట్టే కామా నమస్కారమట. వంగినంతసేపు వంగి మరీ లేవాలి, లేకపోతే పొగరనుకుంటారు. 'నా భర్త, తోటపని చేసేవాడు, చనిపోయాడు' అని ఇంగ్లీషులో రాసినప్పుడు తోటపనికి ఇటొకటి, అటొకటి ఉండాలి. "ఇద్దరు పోలీసోళ్లు మద్దెన నడిపించుకెల్లినట్టు" అనేవాడు. "ఒకడే ఉన్నాడనుకోండి, లోపలోడు పారిపోతాడు." ఎవరు చేశారో చెప్పే మాటకీ, ఏం చేశాడో చెప్పే మాటకీ మధ్య మాత్రం కామా ససేమిరా దూరకూడదు. "మొగుడూ పెళ్లాం మద్దెన మనకేటి పని." నాలుగు వస్తువుల పేర్లు వరసగా రాసి, చివరిదానికి ముందు 'ఆండ్' అని వస్తే దాని ముందు పెట్టాలా వద్దా అన్నచోట ఆయన కలం పక్కన పెట్టి, దేవుడి పటం వైపు చూసేవాడు. దేవుడు కూడా తెలుగువాడే కాబట్టి ఏమీ చెప్పేవాడు కాదు.

ఇదంతా నేను నవ్వుతూ వినేవాణ్ణి. నవ్వించేవాణ్ణి కూడా. నాకు ఊళ్లో సరదా మనిషినని పేరుంది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి రోజూ కొంత పాటుపడేవాణ్ణి.

ప్లేగు రోజులు వచ్చాయి. అప్పట్లో వీధిలో ఎలుక చచ్చిందంటే మనిషి చచ్చినదానికంటే ఎక్కువ హడలిపోయేవాళ్లం. మనిషి చస్తే ఏడవడానికి నలుగురు వచ్చేవారు. ఎలుక చస్తే శానిటే వాళ్లు వచ్చేవారు. శానిటే అంటే ప్లేగు తగిలిన ఇళ్లు వెదికే సర్కారు మనుషులు. సున్నం జల్లేవారు, మందునీళ్లు కొట్టేవారు, గడ్డిఇల్లయితే తగలబెట్టేసేవారు. గట్టిగా దగ్గాలన్నా భయంగా ఉండేది. నేను బళ్లో పిల్లలకి పద్యం చెబుతూ పొలమారితే, ముందు బెంచీ వాళ్లు వెనక బెంచీకి వెళ్లిపోయారు.

ఆ రోజుల్లో ఒకనాటి పొద్దున్న అప్పమ్మ వచ్చింది. కాంప్ ద మాస్క్ అనే ఊరినించి చెరుకుతోటల గట్ల మీద నడిచి వచ్చింది. నడివయసు మనిషి. మొగుడు పోయి అప్పటికి మూడు రోజులు. ఆమె మామతో చెప్పిందంతా నేను బడికి పోతూ అరుగు దగ్గర ఆగి విన్నాను.

"ఆడికి ఆరేళ్లనించీ జొరమే కదన్నా, పాత జొరమే" అంది. "మూణ్ణాళ్లకోసారి వొణుకు. డిస్పెన్సరీ కాయితాలున్నాయి, ఇదుగో. ఆ జొరంతోనే పోయేడు. ఈదిలో సచ్చిన ఎలక దొరికిందంట. మీ ఆయన ప్లేగుతోనే పోయేడు, ఇయాల నాలుగ్గంటలకి ఇల్లు కాల్చేస్తాం అని జవాను సెప్పెల్లేడు."

ఆ ఇల్లు ఏమిటో మామకి వేరే చెప్పనక్కర్లేదు, నాకూ అప్పటికి తెలుసు. ఆమె మొగుడు ఇరవయ్యేళ్లు తోటవాళ్ల కాంపులో, ఆ పొడుగుపాకల్లో, గోడకి గోడ ఆనించి బతికాడు. తెల్లారుతూనే కూలీల మేస్త్రీ, సిర్దార్, పేరు పిలిస్తే పలకడం, పలక్కపోతే తన్నులు తినడం. అందులోంచి బయటపడి, కూరగాయలు పండించుకోవడానికి చారెడు నేల, దాని మీద గడ్డిల్లు సంపాదించుకున్నాడు. అది కాలిపోతే అప్పమ్మా, పెళ్లికావలసిన కూతురూ మళ్లీ కాంపులోకి పోయి సిర్దార్ పిలుపుకి పలకాలి. ఇంకో దారి లేదు.

"మరి ఆ శానిటే దొర ఎక్కడున్నాడు?" అన్నాను.

"మా ఈదిలోనే బాబూ. కుర్సీ ఏసుకు కూకున్నాడు. నోటిమాట ఆళ్లు ఇనరంట కదా. కాయితం ఉండాలంట. ఇంగిలీసు కాయితం. అందరూ అదే సెప్పేరు."

నేనూ అదే చెప్పాను. మామ కూడా తలాడించాడు. కాగితం లేకుండా దొర దగ్గరికి పోవడం అంటే మాకు చొక్కా లేకుండా పోవడం లాంటిది.

మామ ఆవేళ వేగంగానే రాశాడు. పన్నెండింటికి బడి వదిలి పిల్లలు తిండికి పోయినప్పుడు, రేకుపెట్టె పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముఖ్యమైన అర్జీలు ఒకసారి నాకు చూపించడం ఆయనకి అలవాటు. అర్జీ అన్ని విధాలా బాగుంది. పాత జ్వరం సంగతి, డిస్పెన్సరీ కాగితాల సంగతి, డాక్టరు వచ్చి ఆ కాగితాలు చూసేదాకా దయచేసి ఆగవలసిందన్న మనవి, అన్నీ ఉన్నాయి. తోటపని చేసే భర్త ఇద్దరు పోలీసుల మధ్య బుద్ధిగా నడుస్తున్నాడు. అంతకంటే బాగా నేను రాయలేను. బాగుంది, తీసుకెళ్లండి అంటే సరిపోయేది.

బళ్లో మిగతా పంతుళ్లు ఇద్దరు పక్కనే ఉన్నారు. నా వైపు చూస్తున్నారు. నా పేరు సంగతి చెప్పానుగా.

నేను కాగితం దూరంగా పెట్టి చూశాను, దగ్గరగా పెట్టి చూశాను. "అంతా బాగుంది మామా" అన్నాను. "రెండో పేరాలో మూడో కామా మాత్రం కొంచెం దిగాలుగా ఉంది."

పంతుళ్లు నవ్వారు. మామ నవ్వలేదు. రంగు పోయిన మొహంతో కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఆ మూడోదాన్ని చూశాడు. పెట్టెలో పెట్టి, మూత బిగించి వెళ్లిపోయాడు. అర్జీ పట్టుకుని కాంప్ ద మాస్క్ వెళ్లిపోయాడనే అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది, అందుకని రెండున్నర దాకా అనుకుంటూనే ఉన్నాను.

రెండున్నరకి బడి వదిలి ఇంటికి పోతుంటే, మామ వాకిలి అవతల, రోడ్డు పక్కన, అప్పమ్మ అలాగే కూచుని ఉంది.

"ఏమమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావు?"

"ఇంకా సిరా ఎండనేదంట బాబూ" అంది.

లోపలికి పరిగెత్తాను. గొడుగు కింద మామ. టీపెట్టె మీద నాలుగో కాగితం. మొదటిది చింపేశాడు. రెండోదాంట్లో ఆ మూడోదాన్ని తీసేసి, తీసేస్తే బోసిగా ఉందని చింపేశాడు. మూడోదాంట్లో పెడుతుంటే కలం జారి అది తోక పెంచుకుని కింది వరస దాకా పోయిందట. కొట్టివేతలున్న కాగితం దొరకి ఇవ్వకూడదు కాబట్టి అదీ పోయింది. వంటింటి గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది.

"పొద్దున్నించి గంజి కూడా తాగనేదు బాబూ" అంది. "ఆ సున్నా సుట్టిన దొర సచ్చి ఎన్నాళ్లయింది. ఈయనింకా ఆడికే రాస్తన్నాడు."

"మామా" అన్నాను. "నేను నవ్వులాటకి అన్నాను. ఆ కామా బాగానే ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. లేవండి, మూడు కావస్తోంది."

ఆయన తలెత్తి చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. నా మీద కోపం లేదు అందులో. కోపం ఉంటే బాగుండేది.

"నా మీద జాలిపడి అంటన్నారు" అన్నాడు. "మొదట కంటికి ఆనిందే నిజం మాస్టారూ. మీరు సదువుకున్నోళ్లు. అనేసినారు, మల్లీ ఎనక్కి తీసుకుంటన్నారు. ఎందుకు తీసుకుంటన్నారు? తప్పుంది కాబట్టే."

ఒట్టేశాను. ఒట్లు వేసేవాళ్ల మీద ఆయనకి మొదటినించీ నమ్మకం లేదు; సగం అర్జీలు వాళ్ల మీదే రాసేవాడు.

"సరే, ఇలా ఇవ్వండి, నేను రాస్తాను" అని ఆయన్ని పక్కకి జరిపి, వేరే కాగితం తీసుకుని కూచున్నాను. నాలుగు వాక్యాలు. ఎఫ్.ఏ. చదివినవాడికి ఐదు నిమిషాల పని. 'అయ్యా' అని రాసి నమస్కారం పెట్టాను. 'నా భర్త' దాకా వచ్చాను. మొదటి పోలీసుని నిలబెట్టాలి. కలం దించబోయాను.

దిగలేదు.

ఎందుకు దిగలేదో ఇన్నేళ్లయినా నేను సరిగా చెప్పలేను. ఆ కాగితం చుట్టూ ఎర్ర సున్నా కనిపించింది. ఇది తప్పయితే? తప్పని ఆ దొర విసిరేస్తే? ఇల్లు కాలితే, నేను పెట్టినందుకా, నేను పెట్టనందుకా? వాకిలి అవతలినించి అప్పమ్మ మెడ సాచి నన్నే చూస్తోంది. నా పక్కన మామ ఊపిరి బిగబట్టి నా చేతినే చూస్తున్నాడు. నా నుదుటి మీద చెమట పట్టిందని ఆయన గొడుగు నా మీదకి జరిపాడు. ఊళ్లో తిరిగే రోగం ఎలా అంటుకుంటుందో డాక్టర్లు రకరకాలుగా చెబుతున్నారు. ఇది ఎలా అంటుకుందో నాకు బాగా తెలుసు. నేనే తెచ్చిపెట్టాను, నాకే తగిలింది.

కలం ఆయన చేతికే ఇచ్చేశాను.

ఆయన రాస్తున్న నాలుగోది అయింది. చీమల కోసం ఊదాడు. మూడు దాటింది. అప్పమ్మ, మామ, నేను, దారిలో దొరికిన చెరుకుబండి ఎక్కాం. బండివాడు ఎద్దులని కొట్టినకొద్దీ మామ పెట్టె గుండెలకి హత్తుకుని, "మెల్లిగా, మెల్లిగా" అంటున్నాడు, కుదుపుకి కామాలు రాలిపోతాయన్నట్టు. కొండ మీద మబ్బు పడుతోంది. వర్షం వస్తే గడ్డి తడిసి, ఇవాళ్టికి కాల్చరని ఆశపడ్డాను. బండివాడు కూడా ఆ మాటే అన్నాడు. మేం మగవాళ్లం ముగ్గురమూ మబ్బుని చూసి ధైర్యం తెచ్చుకున్నాం. అప్పమ్మ ముందుకి చూస్తోంది.

ఆ మబ్బుని శానిటే దొర కూడా చూశాడు. వాన వచ్చేలోపు కానిచ్చేయమన్నాడు. నాలుగవకముందే అంటించారు.

తరవాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, ఆఖర్న చెప్పే ఓపిక నాకు ఉండదు. అప్పమ్మా కూతురూ ఆ వచ్చే సోమవారం కాంపులో చేరారు. సిర్దార్ పిలుపుకి ఇద్దరూ పలికారు. మామ చాలా ఏళ్లు అర్జీలు రాస్తూనే ఉన్నాడు, ఆ గొడుగు కిందే, ఆ రెండు కలాలతోనే. ఎదురుపడితే ఆప్యాయంగా పలకరించేవాడు, పెరట్లో కాసిన లీచీలు పంపించేవాడు. ఒక్క కాగితం మాత్రం మళ్లీ నాకు చూపించలేదు. ఆ మధ్యాహ్నం నేనన్న మాటని ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. చెప్పవలసింది నేను. నేనూ చెప్పలేదు. ఇదుగో, ఇప్పుడు చెబుతున్నాను, ఆయన వినకుండా.

మేం బండి దిగేసరికి వీధిలో జనం దూరంగా నిలబడి ఉన్నారు. గడ్డిఇల్లు కాలడానికి ఎక్కువసేపు పట్టదు. కప్పు అప్పటికే కూలింది. పక్కింటివాళ్లు బయటికి లాగిన రెండు బిందెల పక్కన అప్పమ్మ కూతురు నిలబడి ఉంది. ఇంటి గుమ్మానికి ఎదురుగా, దారికి ఇవతల, గడ్డి టోపీ పెట్టుకున్న దొర కుర్చీలో కూచుని చెమట తుడుచుకుంటున్నాడు. ఈ దేశపు ఫ్రెంచి మనిషి. మరీ చెడ్డవాడిలా కనిపించలేదు. అలా కనిపిస్తే నాకు కొంత తేలికయ్యేది.

మామ ముందుకి వెళ్లి, వంగి, పెట్టె మూత తీసి కాగితం రెండు చేతులతో అందించాడు. దొర తీసుకుని మొదటి వరస చూశాడు.

"ఇంగ్లీషా?" అన్నాడు క్రియోల్‌లో. "ఈ పొగలో ఇంగ్లీషు ఎవడు చదువుతాడయ్యా. ఏమిటో నోటితో చెప్పు."

మామ నాకేసి తిరిగాడు. నేను చెప్పాను. ఆమె భర్తది ఆరేళ్ల పాతజ్వరం, డిస్పెన్సరీ కాగితాలున్నాయి, డాక్టరు వచ్చి చూసేదాకా ఆగమని మనవి. వచ్చీరాని క్రియోల్‌లో, ఒకే ఊపిరిలో, మధ్యలో ఎక్కడా ఆగకుండా చెప్పాను.

దొర కుర్చీలోంచి లేచాడు. "కాగితాలున్నాయా? ఏవీ?"

అప్పమ్మ కొంగులోంచి తీసి ఇచ్చింది. అవి ఫ్రెంచిలో ఉన్నాయి; గబగబా చదివాడు. ఒకసారి కాలుతున్న ఇంటికేసి చూశాడు.

"పొద్దున్న ఎనిమిదింటినించి ఇక్కడే కూచున్నాను కదా" అన్నాడు. "ఒక్కరూ వచ్చి ఈ మాట చెప్పలేదేం? చెబితే డాక్టరు వచ్చేదాకా ఆపేవాణ్ణి. ఏముంది అందులో."

డిస్పెన్సరీ కాగితాలు ఆమెకి తిరిగి ఇచ్చేసి, మామ రాసిన అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, జవాన్లకి ఏదో చెప్పడానికి వెళ్లిపోయాడు. మామ ఆ జేబుకేసే చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ రేకుపెట్టె మూత పెట్టడం మరిచిపోయాడు. బూడిద రేకలు గాలికి వచ్చి అందులో పడుతున్నాయి.

క్రియోల్ అప్పమ్మకి నాకంటే బాగా వచ్చు. దొర అన్నదంతా అర్థమైంది. కేకలు వేస్తుందనుకున్నాను. శాపాలు పెడుతుందనుకున్నాను, నేనైతే సిద్ధంగానే ఉన్నాను. కాగితాలు మళ్లీ కొంగులో ముడేసుకుంది. ముందు మామని చూసింది. తరవాత నన్ను చూసింది, కలం దించలేకపోయిన నా చేతిని కూడా చూసింది.

"మీరిద్దరూ ఇంత బయస్తులని పొద్దున్నే సెప్పుంటే, నేనే ఎల్లి ఆడితో మాటాడుకుందును కదా" అంది.